కుందేలు, పక్షి, యాభై ఉటంకింపులు

నెవెనా చకరోవాను సంస్థలో అందరూ పిడుదుల డాక్టరమ్మ అంటారు. పిడుదులకు వైద్యం చేస్తుందని కాదు. పిడుదు కుడితే మనుషులకు వచ్చే రక్తస్రావ జ్వరం మీద ముప్ఫయ్యారేళ్ళుగా పరిశోధన చేస్తోంది. సోఫియాలోని ఆ అంటువ్యాధుల సంస్థలో మొదటి అంతస్తు చివరి గది ఆవిడది. కిటికీ తీస్తే ట్రాము చప్పుడు, మూస్తే ఫ్రీజర్ల చప్పుడు.

ఏప్రిల్లో ఆవిడకు అరవై అయిదు నిండుతాయి. డొసెంట్లు, అంటే ప్రొఫెసరుకు ఒక మెట్టు కిందివాళ్ళు, ఆ రోజున పూలగుత్తి పుచ్చుకుని ఇంటికి వెళ్ళాలి. ప్రొఫెసరయితే ఇంకో మూడేళ్ళు ఉండొచ్చు. పేరు ముందు ఏ బిరుదు ఉందన్నది నెవెనా ఎన్నడూ పట్టించుకున్న మనిషి కాదు. పోటీ ప్రకటన వెలువడినప్పుడల్లా ఆవిడ ఏదో ఒక గొర్రెల దొడ్లో ఉండేది, గడువు దాటాక తిరిగి వచ్చేది. ఇప్పుడు మాత్రం ఆ మూడేళ్ళు కావాలి. కర్జలీ కొండల్లో ఇరవై రెండు ఊళ్ళలో ఏటా గొర్రెల రక్తం తీసి పరీక్షిస్తోంది. ఇంకో మూడు వసంతాలు ఆ పని సాగితే, జ్వరం ఏ ఏడు ఏ ఊరి మీద పడుతుందో ముందే చెప్పగలనని ఆవిడ నమ్మకం. ఆవిడ వెళ్ళిపోతే ఆ పని ఎత్తుకునే నాథుడు లేడు.

అందుకని ఈసారి దరఖాస్తు పెట్టింది. పెద్ద భయం కూడా లేదు. యాభై ఎనిమిది వ్యాసాలున్నాయి. తోటి శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో వాటిని నాలుగు వందల పన్నెండుసార్లు ఉటంకించారు. ప్రొఫెసరు కావడానికి సంస్థ అడిగే ఉటంకింపులు యాభై.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున సంస్థ కార్యదర్శి స్తాంకా ఆ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. స్తాంకా, నెవెనా ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒకే క్యాంటీన్లో ముప్ఫయ్యారేళ్ళుగా అదే పప్పు సూపును తిట్టుకుంటూ తాగుతున్నారు. స్తాంకా కూర్చోకుండా నిలబడే ఉంది, అది మంచి సూచన కాదు.

"నాలుగొందల పన్నెండులో నికరంగా ఎన్ని నిలిచాయో తెలుసా?" అంది.

"ఎన్ని?"

"ఆరు."

నెవెనా కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. స్తాంకా రూలు చదివి వినిపించింది. సొంత ఉటంకింపులు లెక్కలోకి రావు. సొంతమంటే తన వ్యాసాన్ని తాను చెప్పుకోవడం ఒక్కటే కాదు. ఎవరితోనైనా కలిసి ఒక్క వ్యాసం రాసినా సరే, వాళ్ళు తర్వాత ఎక్కడ మన పేరెత్తినా అదీ సొంతమే. బావమరుదులు ఒకరినొకరు పొగుడుకుని పెద్దవాళ్ళయిపోకుండా ఈ రూలు పెట్టారు. మంచి రూలే. కానీ దాన్ని రాసినవాళ్ళు నెవెనా లాంటి మనిషి ఒకతె ఉంటుందని ఊహించలేదు.

ఎందుకంటే నెవెనాకు పేర్లు చేర్చే జబ్బుంది. వ్యాసం రాసేటప్పుడు, ఆ పనిలో వేలు పెట్టిన ప్రతివాళ్ళ పేరూ రచయితల వరుసలో వేస్తుంది. రోగి రక్తాన్ని మంచు మీద సొంత కారులో తెచ్చిన కర్జలీ డాక్టరు పేరు వేసింది. ఊరూరా తిరిగి ముసలమ్మల్ని ఒప్పించిన నర్సు ఫత్మే పేరు వేసింది. పరీక్ష మందులు అప్పిచ్చిన అంకారా వాళ్ళనూ, ఫ్రీజరు పాడయినప్పుడు చోటిచ్చిన థెస్సలొనీకి వాళ్ళనూ వదల్లేదు. రాసిమ్ అనే గొర్రెలకాపరి పేరు తొమ్మిది వ్యాసాల్లో ఉంది. ఉటంకింపుల లెక్కలో రాసిమ్ సంస్థ ఉపసంచాలకుడి కంటే పైన ఉన్నాడు. ఈ సంగతి ఉపసంచాలకుడికి తెలుసు, ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆయనకు నచ్చదు. రాసిమ్ మొదటి వ్యాసం తొలిపేజీకి అద్దం కట్టించి జున్ను చేసే గదిలో తగిలించాడు.

ఇలా ముప్ఫయ్యారేళ్ళు గడిచేసరికి, మూడు దేశాల్లో ఈ జ్వరం గురించి తెలిసిన ప్రతి మనిషీ నెవెనాకు సహరచయిత అయి కూర్చున్నాడు. వాళ్ళందరూ ప్రేమగా, శ్రద్ధగా ఆవిడను ఉటంకిస్తూనే ఉన్నారు. అందులో ఏదీ పనికిరాదు.

స్తాంకా గొంతు తగ్గించి ఒక దారి చెప్పింది. పాత వ్యాసాల్లో కొన్ని పేర్లు పొరపాటున పడ్డాయని పత్రికలకు ఉత్తరం రాస్తే వాళ్ళు సవరణ వేస్తారు. ఆ డాక్టర్లను తీసేస్తే వాళ్ళ ఉటంకింపులన్నీ నిలుస్తాయి. వేరే చోట్ల ఇలా చేసినవాళ్ళు ఉన్నారు.

"పొరపాటా? ఆ కర్జలీ డాక్టరు జ్వరం తగిలించుకుని చావు దాకా వెళ్ళొచ్చాడు స్తాంకా. ఆస్పత్రి మంచం మీద నుంచి తన రక్తం తనే పంపించాడు, పనికొస్తుందేమోనని. అతని పేరు పొరపాటున పడిందని రాయమంటావా?"

స్తాంకా ఇంక ఆ ఊసు ఎత్తలేదు. కాగితాలు సర్దుకుంటూ, ఎటో చూస్తూ అంది.

"నీతో ఒక్క ముక్క కూడా కలిసి రాయనివాడు, ఏటా నిన్ను తలుచుకునేవాడు ఒకడున్నాడు కదా. నీ నాలుగొందల పన్నెండులో అతన్ని చేర్చనే లేదు నువ్వు."

"వద్దు."

"పైన మూడో అంతస్తులో."

"వద్దన్నానా."

లుబెన్ తెర్జీవ్, నెవెనా ఒకప్పుడు సహాధ్యాయులు. పందొమ్మిదేళ్ళ కిందట వర్నా సదస్సులో ఇద్దరికీ చెడింది. కర్జలీ కొండల్లో కొత్త ఏడాది జ్వరాన్ని మొదలుపెట్టేది ఎవరు అన్నది తగువు. కుందేళ్ళని నెవెనా అంది. చలికాలమంతా పిడుదుల్ని ఒంటిమీద మోసి, మార్చిలోనే గొర్రెల మేతలోకి తెస్తాయని చెప్పింది. వలసపక్షులని తెర్జీవ్ అన్నాడు. అవి దక్షిణం నుంచి వచ్చేది ఏప్రిల్ చివర, కాబట్టి అంతకు ముందు భయం లేదన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కుందేళ్ళ వెనక పరిగెత్తడం శాస్త్రం కాదు, వంటకు పనికొస్తుందని నిండు సభలో అన్నాడు. పక్షుల్ని తలెత్తి చూసేవాళ్ళ మొహం మీద ఏం పడుతుందో ఆవిడా అదే సభలో చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన వెనక మెట్లు ఎక్కుతాడు, ఆవిడ ముందు మెట్లు ఎక్కుతుంది. ఇద్దరూ అనారోగ్య సెలవు తప్ప వేరే సెలవు పెట్టరు కనుక, పందొమ్మిదేళ్ళూ ఇది నిష్ఠగా సాగింది.

ఆరోగ్యశాఖ ఎప్పుడూ తెర్జీవ్ పక్షమే. కొండ ఊళ్ళకు పిడుదుల హెచ్చరిక మే మొదటివారంలోనే వెళ్తుంది. మార్చిలో, ఏప్రిల్లో జ్వరం వచ్చినవాళ్ళకు ఫ్లూ అని మాత్రలిచ్చి పంపేవారు. అలా పోయిన నలుగురు నెవెనాకు పేరు పేరునా తెలుసు. ఆవిడ కోపమంతా అక్కడే ఉంది.

తెర్జీవ్ తన ప్రతి వ్యాసంలోనూ ఆవిడను ఉటంకించాడు. "చకరోవా వాదనకు ఆధారం చాలదు" అని ఒకచోట, "చకరోవా లెక్కలో తొందరపాటు ఉంది" అని ఒకచోట. స్తాంకా మెల్లగా అసలు విషయం చెప్పింది. ఉటంకింపు పొగడ్తే అయి ఉండాలని రూల్లో ఎక్కడా లేదు. తిట్టినా లెక్కకు వస్తుంది.

నెవెనా నవ్వు ఆపుకుందామని చూసింది కానీ వల్ల కాలేదు. ముప్ఫయ్యారేళ్ళు స్నేహితుల్ని కూడబెట్టుకుంటే చివరికి శత్రువు ఒక్కడు పనికొస్తున్నాడు. పైగా ఆయన గదికి వెళ్ళి అడగాలి. ప్రతి ఉటంకింపుకూ అచ్చయిన ప్రతి జతచేయాలని రూలు. తెర్జీవ్ వ్యాసాలు సగం పాత సదస్సుల సంపుటాల్లో ఉన్నాయి. కిందటి చలికాలం గొట్టం పగిలి గ్రంథాలయంలో ఆ అల్మరా తడిసి ముద్దయింది. ఇప్పుడా సంపుటాలు ఉన్నది ఆయన దగ్గరే. ఫైలు ఇవ్వడానికి శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువు.

బుధవారం దాకా బెట్టు చేసింది. గురువారం పొద్దున బనిత్సా చేసింది, పిండి పొరల మధ్య జున్ను కాస్త ఎక్కువే వేసి. దాన్ని తువ్వాలులో చుట్టుకుని, పందొమ్మిదేళ్ళ తర్వాత వెనక మెట్లు ఎక్కింది.

తెర్జీవ్ తలుపు తీసి, ముందు బనిత్సా వంక చూశాడు, తర్వాత ఆవిడ వంక చూశాడు.

"రండి డొసెంటు గారూ. దారి తప్పి వచ్చారా?"

"లేదు ప్రొఫెసరు గారూ. మీరు నన్ను తిట్టిన కాగితాలు కావాలి. మొత్తం."

ఎందుకని అడుగుతాడనుకుంది, ఆయన అడగలేదు. సంస్థలో ఎవరి ఉటంకింపులు ఎన్ని నిలిచాయో సోమవారం సాయంత్రానికే కాఫీ యంత్రం దగ్గర అందరికీ తెలుసు. ఆయన నిచ్చెన మీద నుంచి సంపుటాలు ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టసాగాడు. వాటిలో పేజీల దగ్గర చీటీలు ముందే పెట్టి ఉన్నాయి.

"నలభై మూడు ఉన్నాయి," అన్నాడు. "అటూ ఇటూ వెతక్కండి."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"తిట్టినవాడికి తెలీదా?"

సంపుటాలు దించుతుండగా వెనక ఇంకో అర కనిపించింది. అందులో ఆవిడ వ్యాసాలున్నాయి, యాభై ఎనిమిదీ, ఏళ్ళవారీగా కుట్టించి. నెవెనా అడగకుండానే ఒకటి తీసి తెరిచింది. ప్రతి పేజీ అంచునా ఎర్ర పెన్సిలు రాతే. పట్టికల్లో అంకెలు మళ్ళీ కూడి చూసిన గుర్తులు, ప్రశ్నలు, కొట్టివేతలు ఉన్నాయి. ఒకచోట "ఇది బాగుంది, ఒప్పుకోను" అని ఉంది. ఇంకోచోట గొర్రెల మొత్తం తప్పు కూడిందని రాసి, పక్కనే "ఇంత చిన్న తప్పు పట్టుకోవడం మర్యాద కాదు" అని ఉంది.

నెవెనా ఇంకో పేజీ తిప్పింది. తన స్నేహితులు ప్రేమ కొద్దీ ఉటంకించారు. వాళ్ళలో ఎంతమంది శీర్షిక దాటి చదివారో ఆవిడకు తెలుసు. భర్త బతికుండగా ఏనాడూ మొదటి పేజీ దాటలేదు. తన జీవితమంతా అక్షరం అక్షరం చదివిన మనిషి ఒక్కడున్నాడు, రెండంతస్తుల పైన, తలుపు వేసుకుని. సంతోషం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. ఎందుకంటే ఆయన వ్యాసాలు తను అంత ఓపిగ్గా ఎన్నడూ చదవలేదు.

"కూర్చో నెవెనా," అన్నాడు తెర్జీవ్. ఆ 'నువ్వు' వినేసరికి ఆవిడ కూర్చుంది.

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశాడు, పట్టుకున్నాడు కానీ ఇవ్వలేదు. చెప్పడానికి అవస్థ పడ్డాడు. రెండేళ్ళుగా మార్చిలో కర్జలీ కుందేళ్ళ మీద పిడుదులు ఏరించి పరీక్ష చేయించానన్నాడు. నువ్వు తప్పని తేల్చిపారేద్దామనే మొదలుపెట్టానన్నాడు. మూడింట ఒక కుందేలు మీద వైరస్ ఉన్న పిడుదులు దొరికాయి. పక్షులింకా ఆఫ్రికాలోనే ఉన్నాయి. వ్యాసం రాశాడు, పత్రిక ఒప్పుకుంది, మార్చి మొదటివారంలో వస్తుంది. సంస్థ ఉమ్మడి ఫ్రీజర్లో ఆవిడ దాచిన పాత నమూనాలతో పోల్చి చూసుకున్నాడు కనుక సహరచయితగా ఆవిడ పేరు వేశాడు. చేతిలో ఉన్నది ఆవిడ సంతకం పెట్టవలసిన అంగీకారపత్రం. మూడు వారాలుగా సొరుగులోనే ఉంది.

"మూడు వారాలా?"

"కిందికి రావడానికి కాళ్ళు రాలేదు."

నెవెనా కాగితం తీసుకుంది. పందొమ్మిదేళ్ళుగా ఈ ఒక్క కాగితం కోసం ఎదురుచూసింది. కలం తీసింది కూడా. అప్పుడు లెక్క గుర్తొచ్చి చేయి ఆగింది.

జ్యూరీ కూర్చునేది మార్చి పన్నెండున. ఆ రోజు దాకా అచ్చయినవన్నీ లెక్కకు వస్తాయి, ఆ రోజు దాకా సహరచయితలయినవాళ్ళందరూ లెక్కకు వస్తారు. ఈ కాగితం మీద సంతకం పెడితే తెర్జీవ్ సహరచయిత. ఆయన తిట్లు నలభై మూడూ గాలికి పోతాయి, చేతిలో ఆరు మిగుల్తాయి. పెట్టకపోతే ఆరూ నలభై మూడూ కలిపి నలభై తొమ్మిది. ఈ వ్యాసం ఆయన ఒక్కడి పేరుతో వచ్చి, అందులో ఆవిడ ఉటంకింపు ఉంటే, సరిగ్గా యాభై.

తెర్జీవ్ కూడా అదే కూడిక వేళ్ళ మీద వేసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"పత్రికను ఆపమంటాను," అన్నాడు. "నాలుగు నెలలు ఆగమంటే ఆగుతారు. ఈలోపు ఆ ఒక్కటీ ఎక్కణ్ణించో దొరకదా నీకు?"

"పిడుదులు ఆగుతాయా నాలుగు నెలలు?" అంది నెవెనా. ఇది అచ్చయితే కానీ ఆరోగ్యశాఖ హెచ్చరిక తేదీ మార్చదు. ఈ వసంతం ఇంకో మనిషి ఫ్లూ మాత్రలు మింగి పోకూడదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన ముందుంచింది. "నా పేరు తీసెయ్ లుబెన్. నువ్వొక్కడివే వేసుకో."

"కుందేలు నీది. పందొమ్మిదేళ్ళు కాదు కాదని, ఇప్పుడు నా ఒక్కడి పేరు వేసుకుంటే నన్ను దొంగంటారు."

"అనరు. నేను కుందేలంటే, మళ్ళీ మొదలెట్టిందిరా ముసల్ది అంటారు. కాదన్నవాడివి నువ్వు అంటేనే నమ్ముతారు. ఎక్కడో ఓ మూల నా పాత వ్యాసం పేరు వెయ్యి, అది చాలు."

చాలా సేపు వాదించుకున్నారు. వాదించడం ఇద్దరికీ అలవాటే, మధ్యలో బనిత్సా కూడా అయిపోయింది. చివరికి తెర్జీవ్ ఓడిపోయాడు. ఈసారి ఓడడం ఆయనకు కోపం తెప్పించలేదు, దిగులు పుట్టించింది. ఆవిడ సంపుటాలు ఎత్తుకుని వెళ్తుంటే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండో తారీఖు దాకా మనం మాట్లాడుకోకపోవడమే మంచిదన్నాడు, ఎవరైనా చూస్తే బాగుండదట. నెవెనా సరేనని ముందు మెట్ల మీదుగా దిగిపోయింది.

స్తాంకా మర్నాడు ఫైలు పుచ్చుకుని రెండుసార్లు లెక్కపెట్టింది, నలభై తొమ్మిది వచ్చాయి. యాభయ్యోది వస్తుందని నెవెనా చెబితే, ఎవరిదని అడిగింది. చెప్పగానే కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. అది నవ్వు వల్ల వచ్చిన నీళ్ళేనని స్తాంకా అంటుంది.

పన్నెండో తారీఖు పొద్దున సభాగదిలో జ్యూరీ ఏడుగురూ కూర్చున్నారు. మార్చి కదా, వసంతానికి శుభమని అయినవాళ్ళు కట్టే ఎర్రా తెల్లా దారాలు అందరి మణికట్ల మీదా ఉన్నాయి, జ్యూరీ అధ్యక్షుడు వెల్చెవ్ చేతికి కూడా. ప్లోవ్‌దివ్ నుంచి వచ్చిన ఆ మనిషి నవ్వగా చూసినవాళ్ళు లేరు. కర్జలీ నుంచి డాక్టరు వచ్చాడు, ఫత్మే వచ్చింది, రాసిమ్ కోటు వేసుకుని వచ్చాడు. సహరచయితలతోనే గది నిండిపోయింది. తెర్జీవ్ చిట్టచివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు.

వెల్చెవ్ ఉటంకింపులను వరుసగా చూసుకుంటూ పోయాడు. ఏడో దాని దగ్గర కనుబొమలు ఎత్తాడు. ఇరవయ్యో దాని దగ్గర కళ్ళజోడు తీశాడు. ఇవన్నీ మిమ్మల్ని తప్పుపట్టినవే కదా అని అడిగాడు. అవునండి అంది నెవెనా. రూలులో అభ్యంతరం లేదని స్తాంకా పక్కనుంచి గబగబా చెప్పింది. వెల్చెవ్ నలభై తొమ్మిది దాకా వచ్చి ఆగాడు. ఇంకొకటి కావాలన్నాడు.

స్తాంకా ఆ ఉదయమే తెచ్చిన పత్రిక నెవెనా చేతిలో పెట్టింది. వ్యాసం వారం కిందటే వచ్చింది, ఆరోగ్యశాఖ సోమవారమే కొండ ఊళ్ళకు హెచ్చరిక పంపింది. ఆ హెచ్చరికలు అంటించే పనిలో నెవెనా కర్జలీలో ఉండి, వ్యాసం చదవనే లేదు. ఎక్కడో మూల అంకెల మధ్య తన పేరుంటుందిలే అనుకుంది. ఉటంకింపు ఉన్న వాక్యం పైకి చదవమన్నాడు వెల్చెవ్. వెనక్కి తిప్పబోతుంటే, అక్కడ కాదు, మొదటి పేజీ అని స్తాంకా వేలితో చూపించింది.

నెవెనా చదివింది.

"ఈ వ్యాసకర్త పందొమ్మిదేళ్ళుగా, నలభై మూడు చోట్ల, చకరోవా చెప్పినదాన్ని కాదన్నాడు. ఆ నలభై మూడు చోట్లా చకరోవా చెప్పిందే నిజం."

రాసిమ్ పక్కవాణ్ణి ఏమందని అడిగితే, ఫత్మే చెప్పవద్దన్నట్టు అతని చేయి పట్టుకుంది. జ్యూరీలో ఒకాయనకు అనుమానం వచ్చింది. తిట్టినవాడే తన తిట్లు తప్పంటుంటే ఆ నలభై మూడు లెక్కకు వస్తాయా అన్నాడు. ఉటంకింపు నిజమై ఉండాలని కూడా రూల్లో లేదని స్తాంకా చెప్పింది. అప్పుడు వెల్చెవ్ నవ్వాడు. నవ్వడం ఆయనకు కొత్త కాబట్టి కాస్త దగ్గులా వినిపించింది. నవ్వు ఆగాక, రివాజు ప్రకారం అడగవలసిన ఆఖరి ప్రశ్న అడిగాడు.

"డొసెంట్ చకరోవా, ఈ వ్యాసకర్తతో కలిసి మీరెప్పుడైనా ఏదైనా రాశారా?"

నెవెనా గది వంక చూసింది. తను పేర్లు వేసిన మనుషులు వరసలుగా కూర్చుని ఉన్నారు, ఒక్కర్నీ వదల్లేదు. చివరి వరసలో తెర్జీవ్ తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. ఆయన చేతికి దారం కట్టేవాళ్ళు ఎవరూ లేరని ఆవిడ అప్పుడు గమనించింది.

"లేదండీ," అంది. "ఒక్క అక్షరం కూడా కలిసి రాయలేదు."

అది నిజమే. అయినా ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడు చేతులూ పైకి లేచిన సంగతి స్తాంకా చెబితే కానీ తెలియలేదు.